రీప్లే తారీఖ్: ఒక్కసారి జరిగింది, వందసార్లు కనిపించింది



ఇంతవరకూ ఇక్కడ బాద్షాల తారీఖ్ రాశాను, ఖిలాల తారీఖ్ రాశాను. ఈసారి మన ఇళ్లల్లో రోజూ కనిపించే ఒక చిన్న చీజ్ తారీఖ్ రాద్దామనిపించింది. దాని పేరు రీప్లే. మ్యాచ్‌లో వికెట్ పడుతుంది. చేతిలో చాయ్ కప్పు కింద పెట్టేలోపే అదే బాల్ మళ్లీ వస్తుంది, ఇంకో వైపు నుంచి, మెల్లగా. ఆ రెండు సెకన్ల ముక్కని ఎవరు దాచారు? అన్ని కెమెరాల్లోంచి సరిగ్గా ఆ ముక్కనే అంత జల్దీగా ఎలా వెతికి తీశారు? ఈ సవాల్‌కి జవాబ్ కోసం పోతే, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, గవాహీ, నియ్యత్, ఇన్సాఫ్ అన్నీ బయటికొచ్చాయి. అందుకే ఇది టీవీవాళ్లకి మాత్రమే సంబంధించిన కిస్సా అనుకోకండి.

మొదట్లో టీవీకి యాద్‌దాష్త్ లేదు. కెమెరా ముందు జరిగింది జరిగినట్టే గాల్లో కలిసిపోయేది. దాచుకోవాలంటే ఒకటే తరీఖా. టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి, తెర మీది బొమ్మని ఫిల్మ్ మీదకి తీసుకోవడం. దీన్ని కినిస్కోప్ అనేవాళ్లు. అమెరికాలో న్యూయార్క్‌కీ లాస్ ఏంజెలెస్‌కీ మధ్య మూడు గంటల ఫరఖ్ ఉంది. న్యూయార్క్‌లో రాత్రి వార్తలు చదువుతుంటే అక్కడ ఇంకా మధ్యాహ్నమే. అందుకని ఆ ప్రోగ్రామ్‌ని ఫిల్మ్ మీద పట్టి, హడావిడిగా కడిగి, తడి ఆరీ ఆరకముందే అక్కడివాళ్లకి చూపించేవాళ్లు. బొమ్మ మసక మసకగా ఉండేది. ఫిల్మ్ ఖర్చు ఆస్మాన్‌లో ఉండేది. 1955లో కెనడాలో జార్జ్ రెట్జ్‌లాఫ్ అనే ప్రొడ్యూసర్ హాకీ మ్యాచ్‌లో ఇదే తడి ఫిల్మ్‌తో ఒక గోల్‌ని కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ చూపించాడంటారు. రీప్లే అనే ఖయాల్ అక్కడ కళ్లు తెరిచింది. నడవడానికి మాత్రం దానికి ఇంకా కాళ్లు రాలేదు.

కాళ్లు ఇచ్చింది వీడియో టేపు. రష్యాలోని కజాన్ ఇలాఖాలో 1892లో పుట్టిన అలెగ్జాండర్ పొనియాటాఫ్ అనే ఇంజనీర్, దేశాలు దాటి అమెరికా చేరి 1944లో ఒక కంపెనీ పెట్టాడు. తన పేరులోని మొదటి అక్షరాలు మూడు తీసుకుని దానికి ఆంపెక్స్ అని పేరు పెట్టాడు. కజాన్ అంటే మన పెద్దలకి తాతార్ ముస్లింల నగరంగా, ఖురాన్ ప్రతులు అచ్చేసిన ఊరుగా తెలుసు. ఆ కంపెనీలో చార్లెస్ గిన్స్‌బర్గ్ ఆధ్వర్యంలో ఒక చిన్న జట్టు ఏళ్లతరబడి కష్టపడింది. సినిమా హాళ్లలో పేరు కనిపించే ఆ డాల్బీ, రే డాల్బీ, అప్పుడు నౌజవాన్‌గా ఆ జట్టులోనే ఉన్నాడు. 1956 ఏప్రిల్‌లో షికాగోలో టీవీవాళ్ల సభలో ఆ మిషన్‌ని బయటపెట్టారు. రెండు అంగుళాల వెడల్పు టేపు. సెకనుకి పదిహేను అంగుళాల వేగం. నాలుగు హెడ్‌లున్న చక్రం నిమిషానికి 14,400 సార్లు తిరుగుతూ ఆ టేపు మీద బొమ్మని గీసేది. అదే ఏడాది నవంబర్ 30న సీబీఎస్ సంస్థ న్యూయార్క్ నుంచి వచ్చిన రాత్రి వార్తల్ని హాలీవుడ్‌లో టేపు మీద పట్టి, పడమటివాళ్లకి మూడు గంటలాగి చూపించింది. ఫిల్మ్ కడగక్కర్లేదు, ఆరబెట్టక్కర్లేదు.

అయితే టేపులో ఒక ముసీబత్ ఉంది. దాచడం ఆసాన్. వెతకడం ముష్కిల్. టేపు మీద కంటికి ఏమీ కనపడదు. ఫిల్మ్ అయితే దీపానికి ఎదురుగా పట్టుకుని చూడొచ్చు. టేపు అంటే గోధుమరంగు పట్టీ, అంతే. దాంట్లో ఫలానా క్షణం ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? దొరికినా, మిషన్ తిరగడం మొదలయ్యాక బొమ్మ స్థిరపడటానికి కొన్ని సెకన్లు పట్టేది. అందుకని ముక్కకి కాస్త ముందు నుంచే తిప్పుకుంటూ రావాలి. అప్పట్లో ఎడిటింగ్ అంటే బ్లేడుతో టేపు కోసి అతికించడమే. లైవ్ నడుస్తుండగా ఇదంతా ఎక్కడ కుదురుతుంది?

కుదిరించినవాడు టోనీ వెర్నా. సీబీఎస్‌లో ముప్ఫై ఏళ్లు నిండిన డైరెక్టర్. 1963 డిసెంబర్ 7, ఫిలడెల్ఫియాలో ఆర్మీ, నేవీ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్. ప్రెసిడెంట్ కెన్నెడీ హత్య జరిగి రెండు వారాలే అయింది. ఆ మాతం వల్లే మ్యాచ్ వాయిదా పడి ఆ రోజుకి జరిగింది. వెర్నా న్యూయార్క్ నుంచి ఐదారు వందల కిలోల బరువున్న టేపు మిషన్ ఒకటి అక్కడికి తెప్పించాడు. స్థలం వెతికే ముసీబత్‌కి అతను కనిపెట్టిన ఇలాజ్ చూడండి. టేపులో బొమ్మతోపాటు మాటలకి ఒక పట్టీ ఉంటుంది, పనివాళ్ల సైగలకి ఇంకో పట్టీ ఉంటుంది. ఆ రెండో పట్టీ మీద అతను బీప్ శబ్దాలు నింపాడు. ఆటగాళ్లు గుంపుగా చేరితే ఒక బీప్, ఆట మొదలెట్టడానికి వరసలోకొస్తే రెండు బీప్‌లు. వెనక్కి తిప్పినప్పుడు బొమ్మ కనపడకపోయినా చెవితో విని స్థలం పట్టుకోవచ్చు. కళ్లులేని టేపుకి చెవులు పెట్టాడన్నమాట.

ఆ రోజంతా మిషన్ మొరాయిస్తూనే ఉంది. పాత టేపు కావడంతో వెనకటి ప్రోగ్రాముల ఛాయలు మధ్యలో తొంగిచూశాయి. చివరి క్వార్టర్‌లో ఆర్మీ జట్టు రోలీ స్టిక్‌వే టచ్‌డౌన్ చేశాడు. ఈసారి బొమ్మ కుదిరింది. వెర్నా దాన్ని వెంటనే మళ్లీ గాల్లోకి వదిలాడు. వ్యాఖ్యాత లిండ్సే నెల్సన్ గొంతు పెంచి, ఇది లైవ్ కాదు, ఆర్మీ రెండోసారి స్కోర్ చెయ్యలేదు అని జనాలకి చెప్పాల్సి వచ్చింది. చెప్పకపోతే ఏమయ్యేది? ఇంట్లో కూర్చున్నవాళ్లు రెండు టచ్‌డౌన్లు లెక్కేసుకునేవాళ్లు. ఆ మ్యాచ్ నేవీ 21-15తో గెలిచింది. ఆ రోజు రీప్లే పడింది ఆ ఒక్కసారే. ఈ మాటని కాస్త యాద్ పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నాలుగేళ్లకి, 1967లో, ఆంపెక్స్ వాళ్లే హెచ్‌ఎస్-100 అనే మిషన్ తెచ్చారు. ఇందులో టేపు బదులు తిరిగే లోహపు డిస్కులు. అరనిమిషం బొమ్మ పట్టేది. కొత్తది రాస్తూ పాతది చెరుపుకుంటూ పోయేది. అంటే ఎప్పుడు చూసినా గడిచిన ముప్ఫై సెకన్లు దాని చేతిలో ఉంటాయి. ఆపొచ్చు, మెల్లగా నడపొచ్చు, వెనక్కి నడపొచ్చు. టేపులా చుట్టలు తిప్పక్కర్లేదు కాబట్టి కావాల్సిన చోటికి తొందరగా చేరొచ్చు. స్లో మోషన్ ప్రతి ఆటలోనూ మామూలైపోయింది ఆ తర్వాతే.

ఇక మన ముల్క్ సంగతి. 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో దూరదర్శన్‌కి రంగులొచ్చాయి. వీధికొక టీవీ, ఆ టీవీ ముందు మొహల్లా మొత్తం. మరుసటి ఏడాది 1983 జూన్ 18న ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద 17 పరుగులకే ఐదు వికెట్లు పోయిన స్థితి నుంచి కపిల్ దేవ్ 175 నాటౌట్ కొట్టాడు. ఆ ఇన్నింగ్స్ వీడియో దునియాలో ఎక్కడా లేదు. ఆ రోజు అక్కడ టీవీ కెమెరా లేదు. చూసినవాళ్ల నోటిమాట, స్కోరుబుక్కు, కొన్ని ఫొటోలు, ఇవే మిగిలాయి. అయినా ఆ 175ని ఎవరూ షక్ చెయ్యరు. ఎందుకంటే రివాయత్ చేసినవాళ్లు ఎవరో తెలుసు. రాసినవాళ్లు అక్కడే ఉన్నారు. ఒకరి మాట ఇంకొకరి మాటతో కలుస్తోంది. కెమెరా లేకపోయినా గవాహీ పక్కాగా నిలబడగలదని అనడానికి ఇంతకన్నా మిసాల్ ఏం కావాలి?

క్రికెట్‌లో రీప్లే తమాషా స్థాయి నుంచి ఫైసలా స్థాయికి ఎదిగింది 1992లో. అప్పటిదాకా ఒక విచిత్రం నడిచింది. ఇంట్లో కూర్చున్న చిన్నపిల్లాడికి కూడా రీప్లేలో రనౌట్ సాఫ్‌గా కనపడేది. ఫైసలా చెప్పాల్సిన అంపైర్‌కి మాత్రం కనపడేది కాదు. గవాహీ జనం దగ్గర, కలం ఖాజీ దగ్గర. ఆ ఏడాది మన జట్టు సౌతాఫ్రికా వెళ్లింది. కెప్టెన్ మన హైదరాబాదీ అజరుద్దీన్. గోరాకాలా భేదం వల్ల బహిష్కరణలో ఉన్న సౌతాఫ్రికాకి, తిరిగొచ్చాక సొంత గడ్డ మీద అదే మొదటి టెస్టు. డర్బన్‌లో నవంబర్ 14న, పందొమ్మిదేళ్ల సచిన్ 11 పరుగుల దగ్గర సింగిల్ కోసం బయల్దేరి వెనక్కి తిరిగాడు. బంతి జాంటీ రోడ్స్ చేతిలోంచి వచ్చింది. అంపైర్ సిరిల్ మిచ్లీ తను ఫైసలా చెప్పకుండా, గాల్లో వేళ్లతో టీవీ పెట్టె ఆకారం గీశాడు. లోపల కూర్చున్న మూడో అంపైర్ కార్ల్ లీబెన్‌బర్గ్ రీప్లే చూసి ఔట్ అన్నాడు. టీవీ సాక్ష్యంతో ఔటైన మొదటి బ్యాట్స్‌మన్ సచిన్. 2008లో శ్రీలంకలో మన జట్టు ఆడిన టెస్టుల్లో, అంపైర్ ఫైసలా మీద ఆటగాళ్లే అపీల్ చేసుకునే పద్ధతిని మొదటిసారి పరీక్షించారు. ఇవాళ మనం డీఆర్‌ఎస్ అంటున్నది అదే.

1994లో బెల్జియంలోని లీయెజ్ పట్నంలో ఈవీఎస్ అనే కంపెనీ పుట్టింది. కంప్యూటర్ హార్డ్ డిస్కుల మీద వీడియోని రికార్డ్ చేస్తూనే, అదే సమయంలో వెనకటిది తీసి చూపించే మిషన్ వీళ్లు చేశారు. మన క్రికెట్, ఫుట్‌బాల్ ప్రసారాల వ్యాన్లలో ఈ రకం మిషన్లే ఉంటాయి. ఆపరేటర్ ముందు ఒక గుండ్రటి చక్రం, ఒక పొట్టి లివరు, కొన్ని బటన్లు. చక్రం తిప్పితే ఒక్కో ఫ్రేమ్ ముందుకో వెనక్కో జరుగుతుంది. లివరు ఎంత తోస్తే అంత వేగంతో బొమ్మ నడుస్తుంది. ముక్క ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అని రెండు గుర్తులు పెట్టి ఒక నంబర్ కింద దాస్తాడు. పేజీ, బ్యాంకు, బటన్ అని మూడంకెలు, పక్కన కెమెరా అక్షరం. ఒకే క్షణం నాలుగు కెమెరాల్లో ఉంటే ఒకటే నంబర్, నాలుగు అక్షరాలు. డైరెక్టర్ చెవిలో అడగ్గానే వేలు ఆ బటన్ మీద ఉండాలి. మ్యాచ్ అయ్యాక చూపించే ముఖ్య ఘట్టాలు కూడా ఆ ముక్కల్ని వరసగా దండ గుచ్చినవే.

ఇందులో అసలు హునర్ చక్రం తిప్పడంలో లేదని నేననుకుంటాను. పేరు పెట్టడంలో ఉంది. వందల ముక్కలుంటాయి. దేనికి ఏ పేరు, ఏ టైమ్, ఏ కెమెరా అని రాసుకోకపోతే అవన్నీ ఉండీ లేనట్టే. అందుకే ప్రతి ఫ్రేమ్ వెంట టైమ్‌కోడ్ నడుస్తుంది. గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్. మన దగ్గర సెకనుకి 25 ఫ్రేములు. అంటే ఒక సెకనులో ఇరవై ఐదో వంతుకి కూడా ఒక పతా ఉంది. ఈ ముక్క ఎక్కడిది, ఎప్పటిది, ఎవరి కెమెరాది అని అడిగితే అదే జవాబిస్తుంది. మన దగ్గర హదీసుకి మత్న్ ఎంత ముఖ్యమో సనద్ అంత ముఖ్యం. ఎవరు ఎవరి దగ్గర విన్నారో తెలియని మాటని ముహద్దిసీన్ తీసుకోలేదు. రావీల జీవితాల్ని జల్లెడ పట్టడానికి అస్మా ఉర్ రిజాల్ అని ఒక ఇల్మే నిలబెట్టారు. టైమ్‌కోడ్ అంటే క్లిప్‌కి సనద్ అని నేను అర్థం చేసుకుంటాను.

ఇప్పుడీ మిషన్ పని ఒక లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. మన జల్సాలు, నికాలు, తరావీహ్‌లు ఊరి కుర్రాళ్లే లైవ్ ఇస్తున్నారు. వీమిక్స్, ఓబీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ముందుగా దాచిన వీడియో ముక్కలు, కెమెరా బొమ్మ, పేర్ల పట్టీలు అన్నీ ఒకే తెర మీద ఉంటాయి. దుబాయ్‌లో ఉన్న కొడుకు చెల్లి నికా ఖుత్బాని అక్కడ కూర్చునే వింటున్నాడు. అల్హందులిల్లాహ్, ఇది నేమతే. అయితే లైవ్ అనే ముద్ర ఉన్నంత మాత్రాన అది ఈ క్షణం కాదు. ఫోనుకి చేరేసరికి చాలా సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యమవుతుంది. దాచిన క్లిప్ కూడా లైవ్ లోపలే నడుస్తుంది, చూసేవాళ్లకి తేడా తెలియదు.

రంజాన్‌లో ఇది చిన్న విషయం కాదు. తెర మీద వచ్చే అజాన్ చాలాసార్లు రికార్డ్ చేసిన ముక్కే. ఎవరో ఒక టైమ్‌కి బటన్ నొక్కితే వస్తుంది. విజయవాడలో సూర్యుడు హైదరాబాద్ కన్నా సుమారు 8, 9 నిమిషాల ముందు కుంగుతాడు. విశాఖలో దాదాపు 19 నిమిషాల ముందు. హైదరాబాద్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని విశాఖ లైవ్‌లో అజాన్ విని ఖజూర్ నోట్లో వేసుకుంటే రోజా ఏమైపోతుంది? పాడినవాడి గొంతు అసలుదే, మాటలు అసలువే. వక్త్ మాత్రం మనది కాదు. అందుకే ఇఫ్తార్‌కి మన మొహల్లా మసీదునీ మన ఊరి టైమ్‌టేబుల్‌నీ నమ్ముకోవాలి.

ఇంకో ఖతర్ స్లో మోషన్‌లో ఉంది. 1991 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు చుట్టుముట్టి కొట్టడాన్ని ఒక పౌరుడు తన బాల్కనీ నుంచి వీడియో తీశాడు. దునియా అంతా చూసింది. 1992లో కోర్టులో పోలీసుల తరఫు వకీళ్లు అదే వీడియోని ముక్కలు ముక్కలుగా, ఒక్కో ఫ్రేమ్ ఆపి చూపిస్తూ, చూడండి ఇతను లేవబోతున్నాడు, ఇక్కడ కాలు కదిపాడు అంటూ దెబ్బ దెబ్బకీ ఒక సంజాయిషీ కట్టారు. ఏప్రిల్ 29న జ్యూరీ ఆ పోలీసుల్ని దాదాపు అన్ని ఇల్జామ్‌ల నుంచీ వదిలేసింది. నగరం తగలబడింది. 2016లో అమెరికా పరిశోధకులు తేల్చిందేమంటే, ఒక దాడిని స్లో మోషన్‌లో చూసినవాళ్లు, మామూలు వేగంలో చూసినవాళ్లకన్నా ఎక్కువగా, అతను కావాలనే చేశాడు అని నమ్ముతారు. మెల్లగా నడిపితే, ఆలోచించుకోవడానికి అతనికి బోలెడు టైముందని మన మనసు అనుకుంటుంది. అంటే యంత్రం వేగం మారిస్తే మనిషి నియ్యత్ మారినట్టు కనిపిస్తోంది. అమల్ నియ్యత్ మీద ఆధారపడి ఉంటుందని నమ్మే మనం దీన్ని తేలిగ్గా తీసుకోగలమా? ఫుట్‌బాల్ వాళ్లు ఈ ఖతర్‌ని గుర్తించారు. 2018 వరల్డ్‌కప్‌లో వీడియో రెఫరీలొచ్చాక, కాలు ఎక్కడ తగిలింది, బంతి గీత దాటిందా అనే విషయాలకే స్లో మోషన్, తాకిడి ఎంత గట్టిదో తేల్చడానికి మామూలు వేగం అని రూలే రాసుకున్నారు.

వార్తా స్టూడియోల్లో మాత్రం అలాంటి రూల్ ఎవరూ రాసుకోలేదు. 2020 వసంతం మనలో ఎవరం మర్చిపోగలం? నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో రోజంతా అవే బొమ్మలు తిరిగి తిరిగి నడిచాయి. ఆ రోజుల్లోనే, పోలీసు వ్యాన్‌లో ఒక ఖైదీ కానిస్టేబుల్ మీద ఉమ్మిన వీడియో ఒకటి ఫోన్లలో తిరిగింది. తబ్లీగీ జమాత్ మనిషి అని తోహ్మత్ వేశారు. ఆ వీడియో ఫిబ్రవరి నెలలో ముంబై వైపు జరిగిన ఒక వేరే కేసుది. మర్కజ్ ఖబర్ రాకముందుది. జిక్ర్ చేస్తూ గట్టిగా ఊపిరి వదులుతున్న సూఫీల వీడియోని, వైరస్ పాకించడానికి తుమ్ముతున్నారని పంచారు. రెండు ముక్కల్లోనూ బొమ్మ అబద్ధం చెప్పలేదు. సనద్ తెంచేశారు, అంతే. కూరగాయల బండి తోసుకునే గరీబ్ ముసల్మాన్‌ని నీ పేరేంటి అని ఆపి అడిగారు చాలా చోట్ల. అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసుల్ని కొట్టేస్తూ, వాళ్లని బలిపశువుల్ని చేశారనీ మీడియా వాళ్ల మీద ప్రచారం చేసిందనీ రాసింది. ఆ ఫైసలా వార్త ఎన్నిసార్లు రీప్లే అయిందో మీరే చెప్పండి.

ఇంత రాశాక నాకు మళ్లీ లిండ్సే నెల్సనే గుర్తొస్తున్నాడు. రీప్లే పుట్టిన రోజునే, దానితోపాటు ఒక ఖబర్దార్ కూడా పుట్టింది. ఇది ఇప్పటిది కాదు, ఇది ముందు జరిగింది, రెండుసార్లు లెక్కపెట్టుకోకండి అని. మిషన్లు అరవై ఏళ్లలో అర టన్ను నుంచి జేబులోకి వచ్చాయి. ఆ ఒక్క హెచ్చరిక మాత్రం దారిలో ఎక్కడో పడిపోయింది. ఖబర్ వస్తే ముందు తహ్‌ఖీక్ చేసుకోమని సూరా హుజురాత్ మనకి ఎప్పుడో నేర్పింది. వాట్సాప్‌లో ఇంకొకరి మీద వచ్చిన క్లిప్‌కీ ఆ హుక్మ్ అంతే వర్తిస్తుంది, మన మీద వచ్చినదానికి వర్తించినంతగా. ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తీశారు, ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది. ఈ ఐదు సవాళ్లు పిల్లలకి నేర్పండి. జవాబ్ దొరక్కపోతే ఆ క్లిప్ మీ ఫోన్లోనే ఆగిపోవాలి.

మీ మొహల్లాలో లైవ్ ఇచ్చే కుర్రాళ్లుంటే ఈ దాస్తాన్ వాళ్లకి కూడా చదివి వినిపించండి. ప్రతి ముక్కకీ పేరు, తారీఖు, ఊరు రాసి దాచమనండి. పాతది చూపిస్తే తెర మూలన పాతదని రాయమనండి. అది అమానత్. రేపు ఎవరికైనా గవాహీ కావాల్సి వస్తే, ఆ రెండు మాటలే నిలబెడతాయి.

ఖుదా హాఫిజ్.